నీలిగీతా, గౌరీసు వేలూ

ఊరి పేరు అడక్కండి. చెబితే ఆ ఒక్క మునిసిపాలిటీకే కోపం వస్తుంది. చెప్పకపోతే మిగిలినవన్నీ తమ గురించేననుకుని కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాయి.

ఆ ఊళ్ళో తెల్లవారి ఐదింటికి మంచినీళ్ళు వచ్చేవి. ఎందుకు వచ్చేవంటే, పిల్లా గౌరీసు వాల్వు తిప్పేవాడు కాబట్టి. ఇందులో ఇంకే రహస్యమూ లేదు. మెడకి తువ్వాలు చుట్టుకుని, తన భుజం ఎత్తున్న ఇనపకడ్డీని సైకిలుకి కట్టుకుని బయల్దేరేవాడు. వీధి మూల గుంట మీద మూత తీసి, మోకాలి లోతు నీళ్ళలో దిగి, కడ్డీని వాల్వు తలకి తగిలించి తిప్పేవాడు. ముందు మెరకవీధికి, పద్నాలుగు చుట్లు. తర్వాత నూలువీధికి తొమ్మిది. ఆఖరున పల్లంవీధికి, అదీ నాలుగే. వరస తప్పి పల్లంవీధికి ముందు తిప్పాడా, నీళ్ళన్నీ అటు జారిపోయి మెరకవీధి కుళాయిలు ఈలలు వేస్తాయి. ఈ లెక్క ఏ కాగితంలోనూ లేదు. కడ్డీకి చెవి ఆనించి వింటే లోపలి నీళ్ళే చెబుతాయి.

పందొమ్మిదేళ్ళుగా అదే పని. పందొమ్మిదేళ్ళుగా అతను టెంపరరీ. పర్మినెంటు చేసే ఫైలు బల్లలన్నీ దాటుకుంటూ ఈ మధ్యే కమిషనర్ గారి బల్ల మీదకి చేరింది.

"ఇంక ఒక్క సంతకం, గౌరీసూ. ఈలోగా నీ మీద ఏ రిమార్కూ పడకూడదు. పడిందా, ఫైలు మళ్ళీ కింది మెట్టు నించి ఎక్కాలి," అన్నాడు ఆఫీసు సూపరింటెండెంటు జోగారావు.

ఆ మాట విన్నది మొదలు గౌరీసు వీధికుక్కని అదిలించడం కూడా మానేశాడు.

సరిగ్గా అప్పుడే కమిషనర్ గారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు చంకలో ఒక ట్యాబ్, నోట్లో 'స్పర్శ పరిపాలన' అనే మాటా ఉన్నాయి. వస్తూనే స్టాఫుని మేడమీద హాల్లో కూర్చోబెట్టారు.

"చెప్పడం, అడగడం, కేకవేసి పిలవడం అనే ప్రాచీన పద్ధతులు నేటినుంచి రద్దు చేయడమైనది," అన్నారు. "ఇకపై ప్రతి పనికీ ఒక మెయిలు వస్తుంది. మెయిలు అడుగున నీలం రంగులో, కింద గీత గీసి, ఒక వాక్యం ఉంటుంది. దానిని తాకవలెను. తాకినచో పని జరుగును. తాకనిచో జరగరాదు."

జోగారావు లేచి నిలబడ్డాడు. "సందేహ నివృత్తి నిమిత్తం అడుగుతున్నాను సార్. తాకి, పని చేయనిచో?"

"తాకినచో చేసినట్లే."

"చేసి, తాకనిచో?"

"నేరం."

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ గౌరీసు ఆ చివరి మాట ఒక్కటీ బాగా గుర్తుపెట్టుకున్నాడు.

మర్నాడు ఐదింటికి మెరకవీధి గుంటలో నిలబడి, తనకిచ్చిన ట్యాబ్ తెరిచాడు. మెయిలు సిద్ధంగా ఉంది. 'విషయం: మెరకవీధికి మంచినీటి విడుదల గురించి.' దాని కింద పది వాక్యాలు. వాటి కింద నీలం గీత: 'నీరు విడుదల చేయుటకు ఇక్కడ తాకండి.'

తాకాడు. ఏమీ కాలేదు. గట్టిగా తాకాడు. కాలేదు. పట్టేసిన వాల్వుని ఎలా వదులు చేస్తాడో అలా వేలుని కొంచెం వెనక్కి లాగి ముందుకి తోశాడు. అద్దం తడిసిందే గాని గీత కదల్లేదు. పందొమ్మిదేళ్ళ ఇనుము ఆ వేలి చివర కొబ్బరిచిప్పంత కాయ కాయించింది. దాని మీద నీళ్ళు. ట్యాబ్ దృష్టిలో అక్కడ మనిషే లేడు.

కుళాయి దగ్గర బిందెల వరస పెరిగింది. అన్నిటికన్నా ముందు ఎరకమ్మ బిందె. బస్టాండులో చోడి అంబలి అమ్ముతుంది. ఐదున్నరకి పొయ్యి మీద ఎసరు పడకపోతే ఏడింటి బస్సుల జనం ఆమెకి దక్కరు.

"ఏట్రా గౌరీసూ, గుంటలో దిగి దానికి బొట్టెడుతున్నావేటి?"

"ఉండప్పా. ఇది తాకితేగాని తిప్పకూడదంట."

"నువ్వు తాకుతున్నావు గదా. మరేటి దాని బాధ?"

"నా ఏలు దానికి అగుపడ్డం నేదు."

"అది ఏలేటి? మేకు. ఇటియ్యి." ఎరకమ్మ చూపుడువేలు చీర చెంగుకి తుడుచుకుని, రోజూ తన ఫోను మీద నొక్కినట్టే, నీలం గీత మీద అలా ఆనించింది. ట్యాబ్ 'టింగ్' అంది. 'ధన్యవాదములు. మెరకవీధికి నీరు విడుదల చేయబడినది.'

ఆడవాళ్ళందరూ కుళాయి వైపు చూశారు. కుళాయిలోంచి ఒక చీమ బయటికి వచ్చింది.

"ఇడుదలైపోనాదని రాసుంది. మరేదీ?" అంది ఎరకమ్మ.

"నాను తిప్పాలి గదప్పా," అని గౌరీసు పద్నాలుగు చుట్లు తిప్పాడు. నీళ్ళు వచ్చాయి.

అక్కడితో పోయేది. కానీ గౌరీసు నిజం దాచుకోలేని మనిషి. ఆఫీసుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు జోగారావుకి చెప్పాడు. సాయంత్రానికి మెమో వచ్చింది.

'వాల్వు ఆపరేటరు, తాత్కాలికం, అగు సదరు గౌరీసు తనకు స్వంత వేలు కలిగియుండియు, దానిని వినియోగించక, అంబలి విక్రయించు ఎరకమ్మ అను అన్యస్త్రీ యొక్క వేలును ప్రభుత్వ కార్యమునకు వినియోగించినందున, తగు సంజాయిషీ మూడు దినములలో ఇచ్చుకొనవలెను.'

గౌరీసు మెమో పట్టుకుని జోగారావు దగ్గరికి పరిగెత్తాడు. "రిమార్కేనా బాబూ?"

"ఇంకా కాదు. నీ వేలు తప్పో, నీ తప్పో తేలాలి," అన్నాడు జోగారావు. "వేలు తప్పయితే నీకేం భయం లేదు."

హెల్తాఫీసరు భూతద్దం పెట్టి పరీక్ష చేశాడు. ఒక్కో వేలూ ట్యాబ్ మీద పెట్టించాడు, వేడినీళ్ళలో నానబెట్టించి పెట్టించాడు, కొబ్బరినూనె రాయించి పెట్టించాడు. చివరికి సర్టిఫికెట్ రాశాడు: 'పది వేళ్ళూ పరీక్షించితిని. పదియూ పనికి యోగ్యములు. స్పర్శకు అయోగ్యములు.'

"చూశావా, నీ వేళ్ళు ఉత్త పనికే పనికొస్తాయట," అన్నాడు జోగారావు జాలిగా.

"పనికే గదా బాబూ పెట్టుకున్నారు."

"అది పాత పద్ధతయ్యా."

దారి కూడా జోగారావే కనిపెట్టాడు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఊరికే పోతుందా? సర్క్యులర్ తీసి, కళ్ళద్దాలు పైకి నెట్టి, నాలుగుసార్లు చదివాడు. "ఇందులో 'తాకవలెను' అని మాత్రమే ఉంది. అద్దం మీదనే తాకవలెనని ఎక్కడైనా ఉందా? లేదు. ఉన్నట్లు భావించుటకు మనకు అధికారమూ లేదు."

దాంతో ఏర్పాటు ఇలా కుదిరింది. తడిస్తే పాడయ్యే విలువైన వస్తువు గనక ట్యాబ్‌ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పొద్దున్న వచ్చిన మెయిలుని కాగితం మీద ప్రింటు తీస్తారు. గీత నల్లగా పడితే అది నీలం గీత కాదు గనక రంగుల ప్రింటరు తెప్పించారు. గౌరీసు వచ్చి, బొటనవేలు సిరాపెట్టెలో అద్ది, కాగితం మీద నీలం గీతని తాకాలి.

"సంతకం సేసీగలను బాబూ. ఏడో తరగతి దాకా సదివినాను," అన్నాడు గౌరీసు.

"సంతకం చెల్లదు. సంతకంలో కలం తాకుతుంది, నువ్వు తాకవు."

వేలిముద్ర పడిన కాగితాన్ని మళ్ళీ మిషనులో పెట్టి, బొమ్మ తీసి, మెయిలుకి తగిలించి, కమిషనర్ గారికీ, ఇరవై ఆరుగురు ఇతర అధికారులకీ పంపేవారు. ఇది కాగితం లేని పరిపాలన కాబట్టి రోజుకి రెండు రీముల కాగితం అయ్యేది.

ఒక్కటే చిక్కు. ఆఫీసు పదిన్నరకి తెరుస్తారు. బీరువా తాళం పదకొండుకి దొరుకుతుంది. గౌరీసు వేలికి సిరా అంటేసరికి పన్నెండు. ఐదింటి నీళ్ళు మిట్టమధ్యాహ్నానికి రావడం మొదలుపెట్టాయి. ఎరకమ్మ అంబలి మధ్యాహ్నం ఉడికేది. బస్టాండులో అప్పటికి కుక్కలు తప్ప ఎవరూ ఉండేవారు కారు.

మూడో వారంలో ఇంకో గొడవ వచ్చిపడింది. ఆ ఇరవై ఏడుగురి జాబితాలో ఇంజనీరు పేరు తన పేరు కన్నా పైన ఉందని హెల్తాఫీసరు చూశాడు. 'నా నామధేయము తృతీయ స్థానమున ఏల ఉంచబడినది?' అని అడిగాడు. అడగడం ఒక్కరినే అడిగితే సరిపోయేది. అందరికీ వెళ్ళే మీట తాకాడు. అందరూ అందరికీ జవాబిచ్చారు. ఆ జవాబులకి అందరూ అందరికీ 'చూడడమైనది' అని రాశారు. నాలుగు రోజుల్లో ఆఫీసు మెయిలు పెట్టె కంఠం దాకా వచ్చేసింది. ఊళ్ళో బిందెలు బోర్లించి ఉన్నాయి గాని, మెయిలు పెట్టె మాత్రం పొంగిపొర్లుతోంది.

ఈ వేగం చూసి సంతోషించి కమిషనర్ గారు పది రోజుల ఉన్నత శిక్షణకి వెళ్ళారు. ఆయన లేకపోవడంతో మర్నాడు నీటి మెయిలు రాలేదు. జోగారావు విడుదలకి అనుమతి కోరుతూ తనే మెయిలు పంపాడు. పంపిన వేలు ఇంకా గాల్లో ఉండగానే జవాబు వచ్చేసింది:

'మీ మెయిలు అందినది. నేను ప్రస్తుతం అందుబాటులో లేను. తిరిగి వచ్చిన పిదప తగు చర్య తీసుకొనబడును.'

జోగారావు కుర్చీలోంచి లేచిపోయాడు. "రెండు సెకన్లు! ఎంత దూరంలో ఉన్నా రెండు సెకన్లలో ఫైలు చూశారు! ముప్పై ఏళ్ళలో ఇలాంటి ఆఫీసరుని చూడలేదు."

"మరి నీల్లు బాబూ?"

"చదవలేదా? తిరిగి వచ్చిన పిదప. అంతవరకూ విడుదల నిలుపుదల."

"అది మిషను తనకు తనే రాసినట్టుంది బాబూ."

"అయ్యగారి పేరుతో వచ్చింది. మిషనుకి అంత ధైర్యమా? కావలిస్తే చూడు." జోగారావు మళ్ళీ పంపాడు. మళ్ళీ అదే జవాబు, అక్షరం పొల్లుపోకుండా. "చూశావా! మాట మీద నిలబడే మనిషి," అని ప్రింటు తీసి ఫైలులో పెట్టాడు.

నాలుగు రోజులు ఊరికి చుక్క నీరు లేదు. ఐదో రోజు పొద్దు వాలేవేళ ఎరకమ్మ గౌరీసు ఇంటికి వచ్చి, అరుగు మీద ఖాళీ బిందె ఠంగుమని పెట్టింది.

"ఒరే, ట్యాంకులో నీల్లున్నాయా?"

"నిండుగున్నాయప్పా."

"నీ సేతిలో కడ్డీ ఉందా?"

"ఉంది."

"మరేటి నేదు?"

"మెయిలు నేదప్పా. తిప్పితే రిమార్కు పడిపోద్ది. పందొమ్మిదేల్ల ఫైలు..."

"నీ ఫైలు నానెట్టి పిల్లలకి తాగించమంటావేటి?" అంది ఎరకమ్మ. తిట్టలేదు. తిడితే గౌరీసు తట్టుకునేవాడే. బిందె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ బిందె రాత్రంతా అరుగు మీద కూర్చుని అతన్ని చూస్తూ ఉంది.

తెల్లవారి ఐదింటికి గౌరీసు వాల్వు తిప్పాడు. పద్నాలుగు, తొమ్మిది, నాలుగు. నీళ్ళు చప్పుడు చేస్తాయేమోనని ఒక్కో చుట్టూ మెల్లగా తిప్పాడు.

"ఎవులైనా అడిగితే ఏటి సెప్తారు?" అన్నాడు.

"మబ్బొచ్చి కుళాయిలో కురిసిందంటాం. నువ్వెల్రా," అంది ఎరకమ్మ. వరసలో ఆడవాళ్ళందరూ బిందెల మీద చేతులు పెట్టి ఒట్టు వేశారు.

ఆనాటి నుంచి గౌరీసుకి రెండు ఉద్యోగాలు. ఐదింటికి నేరం, పన్నెండింటికి వేలిముద్ర. కమిషనర్ గారు తిరిగొచ్చాక, పాత మెయిళ్ళు తుడిపించి పెట్టె ఖాళీ చేయించారు. మెయిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. ఐదింటికి ఊరు నీళ్ళు పట్టేసుకునేది. పన్నెండింటికి ఆ నీళ్ళు విడుదల చేయుటకు గౌరీసు నీలం గీతని తాకేవాడు.

ఉన్నత శిక్షణలోంచి కమిషనర్ గారు ఇంకో గీత తెచ్చారు. అది జనానికి. ఊళ్ళో ప్రతి ఫోనుకీ వెళ్ళింది: 'మీకు నీరు అందినదా? అందినచో ఇక్కడ తాకండి. అందనిచో ఇక్కడ తాకండి.' రెండు నీలం గీతలు. ఏది తాకినా 'మీ సంతృప్తికి ధన్యవాదములు' అని ఒకే పేజీ తెరుచుకునేది. పక్క మండలం వాళ్ళు కూడా సరదాకి తాకారు. ఊళ్ళో ఫోన్లు తొమ్మిది వేలు, సంతృప్తి చెందినవారు పదకొండు వేలు అని లెక్క తేలింది. అవార్డు ప్రకటించారు.

అవార్డు ఇవ్వడానికి పై నుంచి పెద్ద ఆఫీసరు వచ్చారు. హాల్లో పూలదండలు, శాలువా. శాలువా పళ్ళెం పట్టుకునే పని గౌరీసుది. పెద్ద ఆఫీసరు మర్యాదకి ఫైలు తిరగేస్తూ ఒకచోట ఆగారు.

"వీధుల్లో విచారిస్తే నీరు ఐదింటికి వస్తోందన్నారు. కానీ స్పర్శ నమోదైన సమయం పన్నెండు గంటలు. ఇది ఎట్లు?"

జోగారావు గౌరీసు వైపు చూశాడు. ఆ చూపులో అంతా తెలిసిపోయినట్టే ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసు మరి.

కమిషనర్ గారు మాత్రం తడుముకోలేదు. "అదే మా వ్యవస్థ ప్రత్యేకత సార్. ఇక్కడ స్పర్శకి ముందే పని జరుగుతుంది."

పెద్ద ఆఫీసరు మెచ్చుకోలుగా తలాడించారు. "అద్భుతం. అయితే మానవ ప్రమేయం?"

"వాల్వు తిప్పేందుకు ఒకరున్నారు సార్."

"స్పర్శకి ముందే పని జరుగుతుంటే ఆ ఒకరు ఎందుకు?"

గౌరీసు గొంతులోకి మాట వచ్చేసింది. నానే తిప్పుతున్నాను బాబూ అంటే చాలు. కానీ అంటే నేరం, నేరమంటే రిమార్కు, రిమార్కంటే ఫైలు. మాట మింగేసి పళ్ళెం ఇంకొంచెం పైకెత్తాడు. పెద్ద ఆఫీసరు దాంట్లోంచి శాలువా తీసి కమిషనర్ గారికి కప్పారు.

వారం తిరక్కుండానే మెయిలు ప్రింటు వచ్చింది. 'వ్యవస్థ స్వయంచాలకముగా పనిచేయుచున్నందున సదరు గౌరీసు సేవలు అధికమని నిర్ణయించడమైనది. తొలగింపుకు అంగీకరించుటకు ఇక్కడ తాకండి.' పర్మినెంటు ఫైలు మీద కమిషనర్ గారు ఎట్టకేలకు రాసిన ఒక్క ముక్క, 'అవసరం లేదు.'

"రిమార్కు పడకుండా కాపాడుకున్నాను గదా బాబూ," అన్నాడు గౌరీసు, బొటనవేలు సిరాలో అద్దుతూ.

"రిమార్కు పడలేదయ్యా. చాలా శుభ్రంగా వెళ్తున్నావు," అన్నాడు జోగారావు కళ్ళు దించుకుని.

"మరి ఈ కడ్డీ అప్పసెప్పీమంటారా?"

జోగారావు స్టాకు రిజిస్టరు చూశాడు. కడ్డీ అనేది ఏ పేజీలోనూ లేదు. "లేని వస్తువును స్వీకరించుటకు నిబంధనలు ఒప్పుకోవు. ఇంటికి పట్టుకుపో."

మర్నాటి నుంచి నీళ్ళు రాలేదు.

జోగారావు బీరువాలోంచి ట్యాబ్ తీసి, తెల్లటి, పొడి, గుమాస్తా వేలితో నీలం గీతని తాకాడు. 'విడుదల చేయబడినది.' మళ్ళీ తాకాడు. 'విడుదల చేయబడినది.' ఇరవైసార్లు తాకేసరికి, లెక్క ప్రకారం ఆ ఊరు మునిగిపోయి ఉండాలి. ఆడవాళ్ళు బిందెలతో ఆఫీసుకి వచ్చారు. జోగారావు ట్యాబ్ వాళ్ళ వైపు తిప్పి చూపించాడు.

"చూడమ్మా, ఇరవై పర్యాయములు విడుదలైంది."

ఎరకమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, బిందె తెచ్చి ట్యాబ్ కింద పెట్టింది. "అలాగయితే ఒంపు బాబూ. నెమ్మదిగా ఒంపు, తొణికిపోద్ది."

జోగారావు ఆమె బిందె వైపు, ట్యాబ్ వైపు చూసి, సాయంత్రం ఒక ప్లంబరుని పిలిపించాడు. రికార్డు కోసం ఆ ప్లంబరు పేరు 'పరిశీలన నిమిత్తం వచ్చిన సందర్శకుడు'. అతనికి పద్నాలుగూ తెలియదు, తొమ్మిదీ తెలియదు. పల్లంవీధి వాల్వు ముందు కనబడింది గనక పెద్ద పానాతో దాన్ని పూర్తిగా తిప్పేశాడు. అది అలాగే బిగుసుకుంది. పల్లంవీధిలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చి పీటల మీద వంటలు చేసుకున్నారు. మెరకవీధి కుళాయిలు మూడు వారాల పాటు ఈలలు వేశాయి. ఆడవాళ్ళు పొద్దున్నే వరసగా పల్లానికి దిగి, మోకాలి లోతు బురదనీళ్ళలోంచి మంచినీళ్ళు మోసుకునేవారు.

దారిలో ఎరకమ్మ గౌరీసు అరుగు ముందు ఆగేది. "ఒక్కపాలి తిప్పరాదేట్రా?"

"అప్పుడు తిప్పితే నేరమప్పా. ఇప్పుడు తిప్పితే దొంగతనం," అనేవాడు. కడ్డీ ఇంట్లో మూలన నిలబడి తుప్పు పట్టేది. అతను అరుగు మీద కూర్చుని, అరచేతిలో ఊడుతున్న చర్మం పొట్టులు గిల్లుకునేవాడు.

కమిషనర్ గారి క్వార్టరు కూడా మెరకవీధిలోనే. అయితే ఆయనకి ట్యాంకరు వచ్చేది. ఇరవై రెండో రోజు ట్యాంకరు రాలేదు. మెయిలు పెట్టె మళ్ళీ నిండిపోయి డ్రైవరుకి లింకు వెళ్ళలేదు. డ్రైవరు మాత్రం ఏం తక్కువ తిన్నాడా, నీలం గీత లేనిదే బండి తీయనన్నాడు. అప్పటికి కమిషనర్ గారు తలంతా షాంపూ నురగతో స్నానాల గదిలో ఉన్నారు. ఆ నురగతోనే తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, తాను రద్దు చేసిన ప్రాచీన పద్ధతిలో ఒక కేక వేశారు.

"జోగారావ్! ఆ గౌరీసుని పిలు!"

జోగారావు ట్యాబూ సిరాపెట్టే పట్టుకుని జీపులో గౌరీసు ఇంటికి వచ్చాడు. వెనకాల మెరకవీధి అంతా వచ్చింది.

"నిన్ను తిరిగి తీసుకోదలచినారు. మెయిలు ఇదిగో. 'పునఃప్రవేశమునకు ఇక్కడ తాకండి.' పెట్టెలో పాతవి తుడిచి దీనికి జాగా చేశాను. కాగితం అయిపోయి ప్రింటు రాలేదు. కాగితం తెమ్మన్నాను, ఈలోగా సిరా అద్దుకో."

గౌరీసు ట్యాబ్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ నీలం గీతని మళ్ళీ చూసేసరికి ఏదో కసి పుట్టి, ఊరికే, పడదని తెలిసే, వేలు ఆనించాడు.

'టింగ్.'

అందరూ ఉలిక్కిపడ్డారు. గౌరీసు వేలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఇరవై రెండు రోజులు ఇనుము పట్టని వేలు. కాయ ఊడిపోయి కింద లేత చర్మం మెరుస్తోంది.

"ఒరే, పడిందిరా! నీ వేలు బాగుపడింది!" అని జోగారావు అతన్ని కావలించుకున్నంత పని చేశాడు.

"బాగుపడ్డం కాదు బాబూ, పని నేక," అన్నాడు గౌరీసు. ఎవరూ వినలేదు.

ఆ మధ్యాహ్నం గౌరీసే పల్లంవీధి వాల్వు విడిపించి, వరస ప్రకారం తిప్పి, కమిషనర్ గారి తల కడిగించాడు. మర్నాడు ఆఫీసుకి రమ్మన్నారు. బల్ల మీద ఫైలు తెరిచి ఉంది. పందొమ్మిదేళ్ళు ఎదురుచూసిన సంతకం పచ్చసిరాతో ఉంది. పర్మినెంటు. హోదా: స్పర్శ సహాయకుడు. కూర్చోడానికి కుర్చీ, పైన ఫ్యాను. కింద షరతు: 'సదరు వేలు కార్యాలయ ఆస్తిగా పరిగణింపబడును. దానితో ఇనుము పట్టరాదు, నీట ముంచరాదు, బరువు ఎత్తరాదు.'

"మరి వాల్వు ఎవులు తిప్పుతారు బాబూ?"

కమిషనర్ గారు కిటికీ వైపు చూశారు. "తాకితే తిరుగుతుందని పైవారికి తెలియజేసి ఉన్నాము. శాలువా కూడా స్వీకరించి ఉన్నాము."

బయటికి వచ్చాక జోగారావు గొంతు తగ్గించాడు. "నువ్వు తిప్పడానికి వీల్లేదు. ఇంకెవరైనా తిప్పుతుంటే నాకు తెలియదు. నాకు మెయిలు రాలేదు."

గౌరీసు ఇంటికి వెళ్ళి, కడ్డీకి తుప్పు గీకి, నూనె రాసి, ఎరకమ్మ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఎరకమ్మే కడ్డీ అందుకుంది.

"పద్నాలుగు, తొమ్మిది, నాలుగు. పల్లంవీధి ఆకరున. అంతేనా?"

"నీకెలాగ తెలుసప్పా?"

"పందొమ్మిదేల్లు బిందెట్టుకుని నీ ఎనకాలే నిలబడ్డాను. సుట్లు లెక్కెట్టక ఏటి సేస్తాననుకున్నావు? ఎల్లు, నీ ఏలికి ఎండ తగులుద్ది."

ఆర్నెల్లు గడిచాయి. ఇప్పుడు ఆ ఊళ్ళో ఐదింటికే నీళ్ళు వస్తున్నాయి. ఆఫీసులో గౌరీసు ఫ్యాను కింద కూర్చుని పన్నెండింటికి తాకుతున్నాడు. మధ్యమధ్య వేలికి కొబ్బరినూనె రాసుకుంటాడు, అది కూడా డ్యూటీయే. గుంటలో దిగి చీర దోపుకుని కడ్డీ తిప్పే మనిషి రికార్డుల్లో ఎక్కడా లేదు.

ఒకరోజు ఆ మనిషి మోగుతున్న ఫోను పట్టుకుని ఆఫీసులోకి పరిగెత్తుకొచ్చింది.

"ఒరే గౌరీసూ, నీ ఏలొకపాలి ఇలాగెట్టరా. కూతురు పురిటికెల్లింది, ఆసుపత్రి నించి ఫోను. రెండుసార్లు మోగి ఆగిపోనాది. ఎంత తోసినా ఎత్తుకోడం నేదు. ఎప్పుడూ ఇలాగ సెయ్యనేదు, ముండమోపి ఫోను!"

గౌరీసు ముందు ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. చూపుడువేలి చివర కొబ్బరిచిప్పంత కాయ. దాని మీద ఇంకా తుప్పు మరక. అది ఎవరి వేలో అతనికి బాగా తెలుసు. గబగబా తన మెత్తటి వేలు ఫోను మీద ఆనించి పక్కకి జరిపాడు. మొదటిసారికే పడింది.

"ఆడపిల్లంట!" అంది ఎరకమ్మ ఆఫీసంతా వినబడేలా. "సూడు, నీ ఏలు గొప్పది!"

సాయంత్రం గౌరీసు బల్ల మీదకి మెమో వచ్చింది.

'స్పర్శ సహాయకుడు, పర్మినెంటు, అగు సదరు గౌరీసు కార్యాలయ ఆస్తియగు వేలును, అంబలి విక్రయించు ఎరకమ్మ అను అన్యస్త్రీ యొక్క స్వంత కార్యమునకు వినియోగించినందున, తగు సంజాయిషీ మూడు దినములలో ఇచ్చుకొనవలెను. తప్పు అంగీకరించుటకు ఇక్కడ తాకండి.'

గౌరీసు వేలికి కాస్త నూనె రాసుకుని, తుడుచుకుని, తాకాడు.

'ధన్యవాదములు' అంది ట్యాబ్.